రెండు 'వ'లూ, మా బావ కడుపుమంటా

మా బావకి కోపం వస్తే కింది పెదవి కొరుక్కుంటాడు. అలిగితే మూతి ముడుచుకుంటాడు. ఇంగ్లీషులో 'వి' అక్షరం పలకాలంటే పై పళ్ళు కింది పెదవి మీద ఆనాలి. 'డబుల్యు' పలకాలంటే మూతి గుండ్రంగా ముడవాలి. అంటే ఆ రెండు శబ్దాలూ ఆయన ముఖం మీద పొద్దున్న లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఆడుతూనే ఉంటాయి. తీరా మాట్లాడదామని నోరు తెరిస్తే మాత్రం రెండూ కలిసిపోయి ఒక్క 'వ' అయి కూర్చుంటాయి.

నేను పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తాను. రోజంతా తెరిచిన నోళ్ళ పక్కన నిలబడి ఉమ్మి పీల్చే గొట్టం పట్టుకోవడమే నా ఉద్యోగం కాబట్టి, నోళ్ళ గురించి నాకొకరు చెప్పక్కర్లేదు. మా బావ నోటికి ఏ లోపమూ లేదు. పళ్ళు గట్టివి. నాలుక చురుకైనది, మరదల్ని ఆటపట్టించేటప్పుడు మరీ చురుకైనది. ఆయనకున్న జబ్బల్లా కుళ్ళు. అది కూడా పరాయివాళ్ళ మీద కాదు, కట్టుకున్న పెళ్ళాం మీద, అంటే మా అక్క మీద. నేను వాళ్ళింట్లోనే ముందు గదిలో ఉంటాను. గోడకి అవతలి సంగతులు కూడా నాకు ఇవతలి సంగతులే.

బావ యంత్రాల విడిభాగాల గోడౌన్లో స్టోర్‌కీపరు. ఇనుప అరల నిండా మైనపు కాగితంలో చుట్టిన బేరింగులు, పళ్ళ చక్రాలు, రబ్బరు రింగులు. వాటిని తీసి, లెక్క చూసి, పెట్టెలో సర్ది పంపడం ఆయన పని. సబ్బు అరిగిపోయేదాకా రుద్దినా చేతుల గ్రీజు వాసన పోదు. అన్నం కలుపుకునే ముందు ఒకసారి వేళ్ళు వాసన చూసుకుని ముఖం అదోలా పెడతాడు. ఆ అలవాటు మా ఇంట్లో అందరికీ తెలుసు.

గోడౌనుకి ఓ మూల అద్దాల గది ఉంది. లోపల చల్లగా ఉంటుంది. ఒక బల్ల, ఒక ఫోను, చెవులకి తగిలించుకునేది ఒకటి, ఒక తిరిగే కుర్చీ. బయటి దేశాల నుంచి సరుకు అడిగేవాళ్ళతో అక్కడ కూర్చున్న మనిషి మాట్లాడాలి. ఆ కుర్చీ ఖాళీ అయిందని తెలిసిన రోజు బావ ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా చెప్పాడు. "ఆ కుర్చీ నాదే. ఏ అరలో ఏముందో నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?"

నిజమే, తెలుసు. కానీ మేనేజరు ఒక మెలిక పెట్టాడు. సరుకు పేర్లలో అన్నీ ఇంగ్లీషు అక్షరాలే. 'వి' అన్నది 'డబుల్యు'గా వినపడితే, 'జడ్' అన్నది 'జె'గా వినపడితే సముద్రం దాటి వెళ్ళిన పెట్టె మళ్ళీ సముద్రం దాటి వెనక్కి రావాలి. అందుకని అక్షరాలు విడివిడిగా పలికి చూపించిన వాళ్ళకే కుర్చీ అన్నాడు. పరీక్షకి కొన్ని వారాల గడువు ఇచ్చాడు. బావ మర్నాడే సాయంత్రం క్లాసులో చేరాడు.

ఆ క్లాసు ఒక చెప్పుల షాపు మీది హాల్లో జరిగేది. కొత్త తోలు వాసన మెట్ల దాకా వచ్చేది. పాఠం చెప్పే ఆవిడని అందరూ అద్దం మేడమ్ అనేవాళ్ళు. మొదటి రోజే ప్రతివాళ్ళకీ అరచేతంత అద్దం ఇచ్చి, ఎవరి మూతి వాళ్ళని చూసుకోమనేది. ఆవిడ దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎవరూ ఒంటరిగా రాకూడదు, జతని తెచ్చుకోవాలి. ఇద్దరూ వీపుకి వీపు ఆనించి కూర్చోవాలి. ఒకరు మాట చెప్పాలి, రెండోవాళ్ళు చెయ్యి ఎత్తాలి. 'వి' వినపడితే ఎడమ, 'డబుల్యు' వినపడితే కుడి. ఎదురెదురుగా కూర్చుంటే పెదవులు చూసి చెప్పేస్తారు, వీపు తిప్పితే చెవే దిక్కు, అనేది ఆవిడ.

జతగా బావ అక్కని లాక్కెళ్ళాడు. "నువ్వేం నేర్చుకోనక్కర్లేదు. ఊరికే కూర్చుని చెయ్యెత్తు చాలు," అన్నాడు. అక్క ఇంట్లో బట్టలు సరిచేసే పని చేస్తుంది. నడుములు వదులు చెయ్యడం, అంచులు మడిచి కుట్టడం, పాడైన జిప్పులు మార్చడం. పొద్దస్తమానం పెదవుల మధ్య గుండుసూదులు పెట్టుకునే మనిషి మాటలకి ఎంత కరువో చెప్పక్కర్లేదు. ఎవరిదో సగం కుట్టిన ప్యాంటు సంచీలో వేసుకుని వెళ్ళింది, ఖాళీ దొరికితే కుట్టుకోవచ్చని.

పనివేళలు కలిసినప్పుడల్లా నేనూ వెళ్ళి వెనక బెంచీ మీద కూర్చునేదాన్ని. మొదటి పాఠం బాగా గుర్తుంది. బనియను లాంటి దానికి ఇంగ్లీషులో ఒక మాట, పడమరకి ఒక మాట. తెలుగులో రాస్తే రెండూ 'వెస్టే'. బావ ఒకటి చెప్పాడు, అక్క కుడిచెయ్యి ఎత్తింది. ఇంకోటి చెప్పాడు, మళ్ళీ కుడిచెయ్యే. ఇంకోటి, మళ్ళీ కుడిచెయ్యే. ఆయన వెనక్కి తిరిగి, "నీ ఎడమచేతికి ఏమైనా అయిందా?" అన్నాడు.

"మీరు ఎడమచేతి మాట చెప్పడం లేదు కదండీ," అంది అక్క.

"మేడమ్, మా ఆవిడకి చెవి సరిగ్గా లేదు."

ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. మేడమ్ వచ్చి అక్క వెనక నిలబడి తనే మాటలు చెప్పింది. అక్క చెయ్యి ఒక్కసారి కూడా తప్పలేదు. తర్వాత అక్కని చెప్పమని, బావని చెయ్యెత్తమంది. ఆయన ఎత్తిన చేతులు చూసి, చెప్పుల షాపు నుంచి పైకి వచ్చిన కుర్రాడు కూడా నవ్వాడు. "చెవి ఆవిడకి బాగానే ఉందండీ. ముందు మీ నోటి సంగతి చూద్దాం," అంది మేడమ్. బావ కింది పెదవి కొరుక్కున్నాడు. చక్కటి 'వి'.

ఏకై వచ్చి మేకై కూర్చోవడమంటారే, అక్క విషయంలో అదే జరిగింది. 'జడ్' పాఠం రోజున క్లాసు క్లాసంతా తలకిందులవుతోంది. జంతువులుండే జూలోనిదీ, జూన్ నెలలోనిదీ రెండు వేరు వేరు 'జ'లు అని మేడమ్ గొంతు మీద చెయ్యి పెట్టించింది, అద్దాలు చూపించింది, ఎవరికీ పట్టుబడలేదు. అక్క ప్యాంటు అంచు కుడుతూ తల ఎత్తకుండానే అంది. "జడ అనండి. జయం అనండి. నాలుక రెండూ ఒక చోటే పెడుతోందా?"

అందరూ జడ, జయం, జడ, జయం అనుకున్నారు. క్లాసుకి వచ్చే ఆస్పత్రి నర్సమ్మ ముందు ఆశ్చర్యపోయింది. నిజమే, జడకి నాలుక పళ్ళ దగ్గరికి పోతోంది, జయానికి లోపలికి పోతోంది. "ఆ జడ దగ్గరే ఉంచి, నాలుకని పళ్ళకి తగలనీకుండా గాలి వదలండి. తేనెటీగలాగా," అంది అక్క. ఇంక చూడండి, హాలంతా తేనెటీగలే. బ్యాంకు గుమస్తా లేచి, "మేడమ్, ఏమీ అనుకోకండి, ఈవిడ చెప్తే తొందరగా అర్థమవుతోంది," అన్నాడు. మేడమ్ ఏమీ అనుకోలేదు సరికదా అక్కని ముందుకి పిలిచి తన పక్కన నిలబెట్టుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. బావ కూడా కొట్టాడు, అందరూ ఆపేశాక, రెండు సార్లు.

ఇంటికి వచ్చేటప్పుడు ఆయన మా ఇద్దరికంటే బాగా ముందు నడిచాడు. వీధి మలుపులో ఆగి, "జడ, జయం నాకూ తెలుసు. చిన్నప్పటి నుంచీ తెలుసు," అన్నాడు.

"తెలియదని ఎవరన్నారండీ," అంది అక్క.

"మరి నువ్వెందుకు చెప్పావు?"

అక్క సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. నా దగ్గర జవాబు ఉంది కానీ, ఆ ముఖం చూశాక మింగేశాను.

ఆ రోజు నుంచి ఇంట్లో ఇంగ్లీషు ముక్క వినపడకూడదని ఆంక్ష. అక్క రేడియోలో ఇంగ్లీషు వార్తలు పెడితే ఆయనకి తలనొప్పి వచ్చేది. ఆవిడ కూరగాయలు తరుగుతూ మనసులో ఏదో అనుకుంటూ పెదవులు కదిపినా, "ఏమిటది? ఏం ప్రాక్టీసు?" అనేవాడు. బట్టలిచ్చి పోవడానికి వచ్చిన నర్సమ్మ గుమ్మంలో నిలబడి, "మీ ఆవిడ బంగారమండీ," అంటే, బావ లోపలికి వచ్చి గిన్నెలు చప్పుడు చేస్తూ సర్దాడు. ఆయన గిన్నెలు సర్దడం మేం అదే మొదలు చూడటం.

కడుపుమంట ఉన్నవాడికి నిద్ర ఉండదంటారు, బావకి స్నానం ఉండేది కాదు. అద్దం పట్టుకుని స్నానాల గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటే, నీళ్ళ చప్పుడు లేకుండా 'వ, వ, వ' అన్న చప్పుడే. 'వ' రాలేదు కానీ కొత్త 'జ' మాత్రం వచ్చింది. వచ్చింది రావడం ఎంత గట్టిగా వచ్చిందంటే మామూలు తెలుగు మాటల్లోకి కూడా దూరింది. జీతం అన్నా, జ్వరం అన్నా, జాగ్రత్త అన్నా ఆయన నోట్లోంచి ఒక తేనెటీగ ఎగిరేది. క్లాసులో అక్క చెప్పిన తేనెటీగే. ఆ సంగతి చెప్తే ఏమంటాడోనని ఇద్దరం నోరు మూసుకున్నాం.

అక్కతో మాటలు తగ్గించి, అభ్యాసానికి నన్ను జత చేసుకున్నాడు. "మరదలా, నీ చెవి మంచిది. మీ అక్కలాగా పొగరు చెవి కాదు." నా చెవి సంగతి నాకు తెలుసు. బావ నోటికి రెండు 'వ'లు ఎంత ఒకటో, నా చెవికీ అంతే ఒకటి. గుడ్డివాడికి గుడ్డివాడు దారి చూపినట్టు వీపుకి వీపు ఆనించి కూర్చునేవాళ్ళం. నేను తోచిన చెయ్యి ఎత్తేదాన్ని. కలిస్తే ఆయన గొప్ప, కలవకపోతే నా తప్పు. ఆ లెక్కన ఆయన రోజురోజుకీ మెరుగయ్యాడు. నాకూ కొంచెం కుళ్ళు ఉండేది, దాచను. అక్కాచెల్లెళ్ళం ఒకే పాలు తాగి పెరిగాం. ఆ చెవి దానికే ఎందుకు రావాలి?

పరీక్ష దగ్గర పడింది. గోడౌను మేనేజరు పరీక్ష పెట్టమని అద్దం మేడమ్‌నే పిలిచాడు. పద్ధతి కూడా ఆవిడదే. మాట చెప్పే మనిషి వెనక కూర్చుంటాడు, వినే మనిషి గోడవైపు తిరిగి కూర్చుని చెయ్యెత్తాలి, మేడమ్ తన చేతిలోని మాటల జాబితాతో పోల్చి లెక్కపెట్టుకుంటుంది. వినే మనిషిగా ఆవిడ మా అక్కని అడిగింది.

బావ అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "నా పరీక్షకి నా పెళ్ళాం జడ్జీనా? లోకం ఏమనుకుంటుంది?"

"నేను రానంటానండీ," అంది అక్క.

"రానంటే భయపడ్డానని అనుకుంటారు. రా. వచ్చి కూర్చో."

"మేనేజరు గారు ఒప్పుకున్నారా?" అని నేనడిగాను.

మేనేజరు కూడా ఇదే ప్రశ్న వేశాడట. మేడమ్ నవ్వి, ఇన్నాళ్ళూ క్లాసులో ఆయనది తప్పని చెయ్యెత్తి చూపించింది ఆవిడేనండీ, మొగుడని వదిలిపెట్టే మనిషి కాదు, అందట. ఆ మాటకి మేనేజరుకి నమ్మకం కుదిరింది. బావకి ఇంకో నిప్పుకణం కడుపులో పడింది.

పరీక్ష నాడు మా డాక్టరుకే పన్ను నొప్పి వచ్చి క్లినిక్కు మూసేశారు. నేనూ గోడౌనుకి వెళ్ళి అద్దాల గది బయట నిలబడ్డాను. అక్క గోడవైపు తిరిగి కూర్చుంది. ముందు గోడౌన్లో అందరూ నిచ్చెన అని పిలిచే పొడుగాయన చెప్పాడు, తర్వాత సరుకు తూచే ఆయన చెప్పాడు. ఇద్దరికీ మేడమ్ తల అడ్డంగా తిప్పడమే నాకు కనపడింది. మూడో మనిషి బావ. మాట చెప్పే ముందు ప్రతిసారీ ప్యాంటుకి చేతులు తుడుచుకున్నాడు. అక్క చెయ్యి నింపాదిగా లేచింది, దిగింది. ఒకసారి కుడి, రెండుసార్లు ఎడమ, మళ్ళీ కుడి. మేడమ్ తల నిలువుగా ఊగుతూనే ఉంది. చివరికి మేనేజరు లేచి బావ చెయ్యి పట్టుకుని ఊపాడు. నిచ్చెన పరుగెత్తుకెళ్ళి అందరికీ టీ చెప్పాడు.

ఆ సాయంత్రం బావ అన్నం ముందు కూర్చున్నాడు. వేళ్ళు వాసన చూసుకోలేదు. ముద్ద కలిపి, నోటిదాకా తెచ్చి ఆపాడు.

"ఎన్ని నిజంగా వినపడ్డాయి?"

"అన్నీ వినపడ్డాయండీ."

"నా నోట్లోంచి? అన్నీ? నిన్నటిదాకా ఒక్కటీ రాలేదే."

"ఈ మధ్య వస్తున్నాయి."

"అబద్ధం," అన్నాడు. "జాలిపడి ఎత్తావు. రేప్పొద్దున్న నేను ఆ కుర్చీలో కూర్చున్న ప్రతిసారీ నువ్వు ఇంట్లో కూర్చుని, నేను పెట్టిన భిక్షే కదా అనుకుంటావు."

"వినపడిందానికే చెయ్యెత్తాను. ఇంకెలా చెప్పమంటారు?"

ఎలా చెప్పినా ఆయనకి దిగదు. పాసైన మనిషి ఫెయిలైన ముఖంతో పడుకున్నాడు. మర్నాడు మేనేజరు దగ్గరికి వెళ్ళి, వినే మనిషిని మార్చి మళ్ళీ పరీక్ష పెట్టమన్నాడు. గోడౌనంతా ముక్కున వేలేసుకుంది. ఇలాంటి నిజాయితీపరుడు ఈ కాలంలో ఉన్నాడా అని నిచ్చెన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట. నిజాయితీ ఎవరికి కావాలి. అది నిఖార్సైన కుళ్ళు. పెళ్ళాం చేతుల మీదుగా వచ్చే కుర్చీ కంటే కుర్చీ లేకపోవడమే నయమనిపించింది ఆయనకి.

ఈసారి వినడానికి బ్యాంకు గుమస్తా వచ్చాడు. మంచి మనిషి, క్లాసులో అక్క తర్వాత అంత చెవి ఆయనదే. గోడవైపు తిరిగి కూర్చుని మనసు పెట్టి విన్నాడు. బావ అవే మాటలు చెప్పాడు. గుమస్తా కుడిచెయ్యి ఎత్తాడు. మళ్ళీ కుడి. మళ్ళీ కుడి. మేడమ్ తల అడ్డంగా తిప్పింది.

బావ ఇంటికి రావడం ఓడిపోయి వచ్చినట్టు రాలేదు, కేసు గెలిచినట్టు వచ్చాడు. అక్క వంటింట్లో పంపు తిప్పి గిన్నెలు తోముతోంది. ఆయన ముందు గదిలోంచే అన్నాడు. "తేలిపోయింది. నా రెండు 'వ'లూ ఒకటేనట. నువ్వు అబద్ధం చెయ్యెత్తావని నేనన్నానా లేదా?"

అక్క వెనక్కి తిరగలేదు. పంపు కట్టలేదు. "చెప్పండి," అంది.

"ఏం చెప్పాలి?"

"ఆ మాటలే. మీ ఇష్టమొచ్చిన వరసలో చెప్పండి. పక్కన అది ఉందిగా, అది చూస్తుంది."

అదంటే నేను. పాత పేపరు అంచు మీద రెండు మాటలూ ఇంగ్లీషులో రాసి, వేలు పెట్టి చూపించాను. బావ చదివాడు. నాకు వినపడింది 'వెస్ట్'. వంటింట్లోంచి అక్క, "పడమర," అంది. నా వేలు పడమర మీదే ఉంది. రెండోది చదివాడు. నాకు వినపడింది అదే 'వెస్ట్'. "బనియను," అంది. వేలు అటూ ఇటూ మార్చాను. బావ గొంతు తగ్గించాడు, చివరికి గుసగుసగా చెప్పాడు. పంపు ధారగా పోతూనే ఉంది. అక్క గిన్నె మీద గిన్నె బోర్లిస్తూ ఒక్కటీ తప్పకుండా చెప్పింది. బావ పేపరు నా చేతిలోంచి లాక్కుని చూసుకున్నాడు.

"ఎలా?" అన్నాడు. "నేనేం చెప్పానో నాకే తెలియడం లేదు."

"పడమర అనేటప్పుడు మీరు కొంచెం ఆగి అందుకుంటారు. రెండోదానికి తొందరపడతారు. వెంట్రుకవాసి తేడా. క్లాసు మొదట్లో అదీ లేదు, ఇప్పుడు వచ్చింది," అంది అక్క చేతులు తుడుచుకుంటూ. "పెళ్ళయిన దగ్గర్నుంచీ మీ గొంతే కదా వింటున్నాను. మీరు దగ్గితే నీళ్ళు కావాలో, కోపమొచ్చిందో తెలుస్తుంది. ఇదీ అంతే."

"మరి ఆ బ్యాంకాయనకి ఎందుకు వినపడలేదు?"

"ఆయన మిమ్మల్ని పెళ్ళి చేసుకోలేదుగా."

నాకు నవ్వొచ్చింది. బావ ముఖం చూసి ఆపుకున్నాను. ఆయన పీట మీద కూలబడ్డాడు. నిజంగా వచ్చిన కుర్చీని నమ్మలేక తన చేత్తోనే తోసేసుకున్నాడని అప్పుడు తెలిసింది ఆయనకి. వేళ్ళు ఒకసారి వాసన చూసుకున్నాడు.

అంతటితో అయిపోతే బాగుండేది. వారం తిరక్కుండా అద్దం మేడమ్ మా ఇంటికి వచ్చింది. గోడౌన్లో ఎవరూ కుదరలేదట, కుర్చీ ఖాళీగానే ఉందట, అక్క వస్తుందేమో అడగమని మేనేజరు పంపాడట. సరుకు పేర్లు ఎవరైనా నేర్పవచ్చు కానీ ఆ చెవిని, ఆ నోటిని ఎవరూ నేర్పలేరు అన్నాడట. మేడమ్ టీ తాగి, జవాబు రేపు చెప్పమని వెళ్ళిపోయింది.

అక్క కుట్టుమిషను ముందు కూర్చుంది. సూదిలో దారం ఎక్కించింది, తీసేసింది, మళ్ళీ ఎక్కించింది. దానికి వెళ్ళాలని ఉంది. దాని చెల్లెల్ని, నాకు తెలుస్తుంది. "మీరు వద్దంటే వెళ్ళనండీ," అంది.

బావ కిటికీ దగ్గర నిలబడ్డాడు. పెదవి కొరుక్కోలేదు, మూతి ముడుచుకోలేదు. మామూలు ముఖంతో ఆయన్ని చూసి నాకు భయమేసింది.

"వెళ్ళు," అన్నాడు. "వద్దంటే ఆ పాపం కూడా నాదే అవుతుంది. కానీ ఒకటి ముందే చెప్తున్నాను. నాకు కుళ్ళుగా ఉంటుంది. అరల మధ్య నిలబడి అద్దంలోంచి నిన్ను చూసిన ప్రతిసారీ ఉంటుంది. పైకి ఏమీ అనను. లోపల మాత్రం ఉంటుంది."

"తెలుసండీ," అంది అక్క. "మీరు పైకి అనకపోయినా నాకు వినపడుతూనే ఉంది."